గ్రహాల గది చూసి వచ్చిన సిద్ధాంతిగారు

మా వీధి సిద్ధాంతిగారు మొన్న మార్గశిరంలో నాలుగు రోజుల జ్వరంతో కన్నుమూశారు. పదకొండో రోజు గడవకముందే నర్సీపట్నంలో ఒక మాట పుట్టింది. కాలేజీ చదువు చదివిన పంతులమ్మ, అంటే నేను, ఆ ముసలాయనను రైలెక్కించి తీసుకుపోయి, ఇంగ్లీషువాళ్ళ యంత్రం చూపించి, తాతముత్తాతల శాస్త్రం మీద ఆయనకున్న నమ్మకం పోగొట్టిందట. ఆ దిగులే ఆయనను తినేసిందట. ఈ మాట సంతలో విన్నాను, మా ఇంట్లో అంట్లు తోమే మనిషి నోట విన్నాను, చివరికి పాయకరావుపేట నుంచి నా పాత విద్యార్థిని రాసిన ఉత్తరంలో చదివాను.

దీనికి నా జవాబు ఒక్కటే. ఆయనను నేను తీసుకువెళ్ళలేదు. ఆయనే నన్ను తీసుకువెళ్ళారు.

ఇంతటితో ఊరుకోవచ్చు. కాని ఆయన రాబోయే ఉగాది పంచాంగం గణిస్తూ గణిస్తూ పోయారు. చైత్రం నుంచి కార్తీకం వరకు పూర్తి చేసి, ఆ ప్రతిని బతికి ఉండగానే అచ్చుకు పంపారు. ఆఖరి నాలుగు నెలలు మిగిలిపోయాయి. ఆ నాలుగు నెలలను ఏ లెక్కన పూర్తి చేయాలన్నది ఇప్పుడు ఆయన ఇంట్లో తెగని తగవుగా ఉంది. ఆయన పాత లెక్క ఒకటి, మూడేళ్ళ కిందట ఆయన దిద్దుకున్న లెక్క ఒకటి. ఆ రెండింటికీ మధ్య ఉన్న దూరం తెలియాలంటే ముందు ఆ మనిషి తెలియాలి. అందుకని ఇది రాస్తున్నాను.

నా సంగతి ఒక్క ముక్కలో చెప్పి పక్కకు తప్పుకుంటాను. పసితనంలోనే భర్త పోయిన నన్ను మా నాన్నగారు బంధువుల శాపనార్థాలు లెక్కచేయకుండా మద్రాసు పంపి కాలేజీలో గణితం చదివించారు. ఉద్యోగకాలమంతా ఆడపిల్లల బడులలో పాఠాలు చెప్పాను. విశ్రాంతి తీసుకున్నాక నర్సీపట్నంలో సొంత ఇల్లు ఏర్పరచుకుని ఒంటరిగా ఉంటున్నాను. ఎవరి పంచనా లేను, ఎవరినీ నా పంచన ఉంచుకోలేదు. సిద్ధాంతిగారి ఇల్లు మా ఇంటికి ఎదురుగానే.

ఆయన పొట్టి మనిషి. భుజాన సంచీ మోసీ మోసీ కుడి భుజం ఎడమదానికంటె కాస్త దిగింది. తెల్లవారగానే స్నానం చేసి అరుగు మీద నిలబడి ఆ రోజు తిథి, వారం, నక్షత్రం వీధంతా వినబడేటట్టు పలికేవారు. ఎవరూ అడగకపోయినా పలికేవారు. మాకు పాలు పోసే మనిషి ఆ మాట చెవినపడేదాకా కుండ దించేది కాదు. "పంతులుగోరు ఏకాసి అన్నాడమ్మా, ఇయాల బేమ్మలిళ్ళల్లో పాలు బాగా ఎల్తాయి," అనేది.

లెక్క మొదలుపెట్టే ముందు ఆయన పలకను అరచేత్తో ఒకసారి తుడిచేవారు. అది శుభ్రంగా ఉన్నా సరే తుడిచేవారు. ఎందుకని ఒకనాడు అడిగాను.

"నిన్నటి లెక్క కంటికి కనపడదమ్మా, చేతికి తగులుతుంది," అన్నారు.

మన్యంలో పితూరీ అణగిపోయి, ఊళ్ళో దిగిన పోలీసు పటాలాలు తిరిగి వెళ్ళిపోయిన మరుసటి ఏడు, కార్తీకమాసంలో ఒక ఉదయం ఆయన ఒక తెలుగు వారపత్రిక మడిచి పట్టుకుని మా అరుగు మీదకు వచ్చారు. సముద్రపుటొడ్డున ఉన్న ఒక పట్టణంలో కాలేజీవాళ్ళు తమ గ్రహాల గదిని ప్రతి శనివారం మధ్యాహ్నం అందరికీ తెరిచి ఉంచుతున్నారని అందులో వేశారు. కాలేజీ పేరు నేను రాయను. వాళ్ళు చేసింది పేరు కోసం కాదు.

"పంతులమ్మగారూ, చదివారూ? ఎవరైనా రావచ్చుట. కులం అడగరుట, టిక్కెట్టు లేదుట."

"ఏం చూపిస్తారటండీ?"

"నవగ్రహాలను ఒక గదిలో కూర్చోబెట్టారుట. నలభై ఏళ్ళుగా వాళ్ళ పోకలూ రాకలూ రాసి పొట్ట పోసుకుంటున్నాను. ఒక్కసారి వెళ్ళి పలకరించి రావద్దూ?"

అక్కడ చెప్పేదంతా ఇంగ్లీషులో ఉంటుందేమోనన్నాను.

"అందుకే మీ దగ్గరకు వచ్చాను. మీకు ఇంగ్లీషు వచ్చు, నాకు లెక్క వచ్చు. ఇద్దరం వెళితే ఒక పూర్తి మనిషి వెళ్ళినట్టు."

నాకు ఒళ్ళు మండింది. "లెక్క నాకూ వచ్చునండీ," అన్నాను.

"ఎందుకు రాదు! కాని మీ లెక్కకు నల్లబల్ల చాలు. నా లెక్కకు ఆకాశం కావాలి."

ఆ మాట నన్ను చాలా రోజులు బాధించింది. ఎందుకంటే అది నిజం. గ్రహగతుల సూత్రాలు నేను పరీక్షకు చదివాను, మంచి మార్కులు తెచ్చుకున్నాను. కాని ఫలానాది శుక్రుడు, ఫలానాది గురుడు అని ఒక్క సాయంకాలమైనా తలెత్తి గుర్తుపట్టినదాన్ని కాను.

ఎదురింటి గుమ్మంలోంచి ఆయన భార్య కేకవేసింది. ఆమెను నేను అక్కయ్యా అని పిలుస్తాను. "ఆయన గ్రహాలు చూస్తే నేను రైలు చూస్తాను. నన్ను వదిలేసి వెళ్ళారో, తిరిగొచ్చాక అన్నం శనీశ్వరుణ్ణే అడుక్కోవాలి!"

అలా ముగ్గురం బయలుదేరాం. ఎడ్లబండి మీద నర్సీపట్నం రోడ్డు స్టేషనుకు, అక్కడినుంచి రైలు. అక్కయ్య దారిపొడుగునా కిటికీ వదలలేదు. తాండవ నది వంతెన మీద బండి పోతుంటే మాత్రం కళ్ళు మూసుకుని దండం పెట్టింది.

కాలేజీలో ఆ గది కాస్త పెద్దది. కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు బిగించారు. మధ్యన గుండ్రని బల్ల, దాని నడుమ సూర్యుడికి బదులు ఒక దీపం, దాని చుట్టూ ఇత్తడి చువ్వల చివర రంగురంగుల గోళాలు. పక్కనున్న పిడి తిప్పితే గోళాలన్నీ ఎవరి దారిన వారు, ఎవరి వేగాన వారు తిరుగుతాయి. బల్ల అంచుకు రాశులూ డిగ్రీలూ గీసిన పట్టీ ఉంది. పైన గొడుగులాగ కట్టిన నల్లగుడ్డకు సూదులతో పొడిచిన రంధ్రాలు, వాటి వెనక దీపాలు. తలుపులు మూసేసరికి మిట్టమధ్యాహ్నం నెత్తిమీద చుక్కలు పొడిచాయి.

"ఓలమ్మ! అప్పుడే సీకటడిపోనాది! మా కోళ్ళు కప్పెట్టలేదే!" అని మా వెనక ఒక చేపలమ్మే ఆమె కేకవేసింది. గదంతా నవ్వు.

సిద్ధాంతిగారు చెప్పులు గుమ్మం బయటే విడిచారు. అక్కర్లేదని బంట్రోతు చెప్పినా వినలేదు. అది చూసి అక్కయ్య చేతులు జోడించి ఆ బల్ల చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టింది. ఆమె వెనక చేపలామె, ఆమె వెనక మరో నలుగురు. పాఠం చెప్పడానికి నిలబడిన లెక్చరరు అరవదేశపు యువకుడు. పిలకా కోటూ రెండూ ఉన్నవాడు. బల్ల కదిలిపోతుందేమోనని అతనికి భయం, ఆపమంటే అపచారమేమోనని అంతకన్న భయం. మూడు ప్రదక్షిణలు పూర్తయ్యేదాకా పాపం పిడి పట్టుకుని నిలుచున్నాడు.

ప్రదక్షిణం ముగించి అక్కయ్య లెక్కపెట్టింది. "రాహుకేతువులేరీ? ఇద్దరినీ తీసేసి ఇంకెవరినో ఇద్దరిని పెట్టారేవిటి?"

యురేనసు, నెప్ట్యూను అని లెక్చరరు చెప్పాడు. రాహుకేతువులు గోళాలు కావనీ, చంద్రుడి దారీ సూర్యుడి దారీ ఒకదాన్నొకటి కోసుకునే చోట్లనీ సిద్ధాంతిగారే ఆమెకు నెమ్మదిగా చెప్పారు. అది నేను ఇంగ్లీషులో చెబితే లెక్చరరు ముఖం మారిపోయింది. అప్పటినుంచి అతను జనాన్ని వదిలేసి ఆయన కోసమే మాట్లాడటం మొదలుపెట్టాడు.

భూమి మీద నిలబడి చూసేవారికి గ్రహం ఏ రాశిలో కనబడుతుందో తెలుసుకోవడానికి ఒక దారం ఉంది. భూగోళం మీద ఒక కొస పట్టుకుని, శుక్రుడి మీదుగా లాగి, అంచున ఉన్న పట్టీ దాకా సాగదీయాలి. ఆ దారం తమ చేతికిమ్మని సిద్ధాంతిగారు అడిగారు. ముందు శుక్రుడి మీదుగా పట్టారు. తరువాత గురుడి మీదుగా. వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్క తీసివేసుకున్నారు. మళ్ళీ మొదటినుంచి పట్టారు. దారం వదిలి నావైపు తిరిగారు.

"అమ్మా, ఆ బాబుకు చెప్పండి. నా పంచాంగానికీ ఈ బల్లకూ రెండు భాగలు తేడా వస్తోంది. తప్పు నాదేమో."

అక్కడ నేను చేసిన పని రాయకుండా ఉండవచ్చు. కాని ఆయన గురించి రాసేటప్పుడు నేను తక్కువ చేయకూడదు. అంతమంది ముందు ఆయన పరువు పోతుందనిపించింది. మా ఊరి పరువూ పోతుందనిపించింది. నేను లెక్చరరుతో ఇంగ్లీషులో అన్నదేమిటంటే, "ఈయన గొప్ప పండితులు. మీ నమూనాలో రెండు డిగ్రీల దోషం ఉండవచ్చునని వీరి అభిప్రాయం."

సిద్ధాంతిగారికి ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు. అయినా నా మొహంకేసి చూశారు.

"నేనన్నది అంత పొడుగు లేదమ్మా. తప్పు నాదేమో అన్నాను. అది మాత్రం చెప్పండి."

చెప్పాను. నా ఉద్యోగకాలంలో పై అధికారుల ఎదుట తలవంచని నేను, ఆ చీకటి గదిలో ఆ నాలుగు మాటలు చెప్పడానికి తడబడ్డాను.

ఆ లెక్చరరు నిజాయితీపరుడు. "ఇది మా వడ్రంగి చేసిన బల్ల. రెండు డిగ్రీలకు దీన్ని నమ్మకండి," అన్నాడు. లోపలికి వెళ్ళి నావికులు వాడే గ్రహాల పుస్తకం తెచ్చాడు. పదకొండు రోజుల తరువాత వచ్చే బుధవారం సాయంకాలం శుక్రుడు గురుడిని దాటుతాడని అందులో ఉంది. సిద్ధాంతిగారి పంచాంగంలో ఆ సమాగమం ఆ తరువాత వచ్చే శనివారం నాడు. "పుస్తకాన్నీ నమ్మకండి. ఆ రోజు చూడండి," అన్నాడతను.

"ఈ బిడ్డ మంచి గురువు దగ్గర చదువుకున్నాడు," అన్నారు సిద్ధాంతిగారు బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ. అది కూడా అతనికి చెప్పమన్నారు. ఈసారి ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాను.

మా ఇంటికి డాబా ఉంది. ఆ మంగళవారం, బుధవారం, గురువారం సూర్యుడు కుంకగానే ముగ్గురం డాబా ఎక్కాం. అక్కయ్య చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూ కూర్చునేది. మంగళవారం పడమట శుక్రుడు కింద ఉన్నాడు, గురుడు కాస్త పైన. బుధవారం ఇద్దరూ పక్కపక్కన. గురువారం శుక్రుడు పైన ఉన్నాడు. సందేహానికి తావులేదు. చదువురాని మనిషైనా చూసి చెప్పగలడు.

"ఏవండీ, శుక్రుడు మీ మాట వినలేదా?" అంది అక్కయ్య.

"ఇన్నాళ్ళూ నేనే ఆయన మాట వినలేదే."

తరువాత నావైపు తిరిగి, "ఆకాశానికి మన పంచాంగం చదివే తీరిక లేదమ్మా. మనమే దాన్ని చదువుకోవాలి," అన్నారు.

ఇది చూసి ఆయన కుంగిపోయారని ఊరి మాట. నేను పక్కనే ఉన్నాను. ఆయన కుంగిపోలేదు. అరవై దాటిన మనిషి, కొత్త పలక కొనుక్కున్న పిల్లవాడిలాగ మెట్లు దిగారు.

అసలు కష్టం తరువాత వచ్చింది. శుక్రుడు రెండు మూడు రోజులు ముందున్నాడంటే మాఘంలో వచ్చే మూఢం కూడా ముందే మొదలవుతుంది. మూఢమంటే శుక్రుడు సూర్యుడి వెలుగులో మునిగి కనబడకుండా పోయే రోజులు. ఆ రోజుల్లో మనవాళ్ళు పెళ్ళి చేయరు. నక్కపల్లి దారిలోని ఒక చెరకు రైతు కూతురికి సిద్ధాంతిగారు మాఘంలో ముహూర్తం పెట్టి ఉన్నారు. ఆయన పంచాంగం ప్రకారం అది మూఢానికి రెండు రోజుల ముందు. మేమిద్దరం కూర్చుని వేసిన కొత్త లెక్క ప్రకారం అది మూఢంలోనే పడింది.

ఎవరూ పట్టుకోగలిగిన తప్పు కాదు. తక్కిన పంచాంగాలన్నీ ఆయన పాత తేదీనే చెబుతున్నాయి. ఆ మాటే ఆయనతో అన్నాను.

"పట్టుకునేవాళ్ళు లేరనే కదమ్మా మన దగ్గరకు వస్తారు," అన్నారు. సంచీ భుజాన వేసుకుంటూ, "మీరూ రండి. అక్కడ నేను వెనక్కి తగ్గితే ముందుకు తోయడానికి," అన్నారు.

రైతు ఇంటి ముందు పందిరి గుంజలు అప్పటికే పాతారు. సిద్ధాంతిగారు కూర్చోకుండానే విషయం చెప్పారు. నెల రోజులు ఆగి ఫాల్గుణంలో చేయండి, మంచి ముహూర్తం ఉంది, తప్పు నాదే అన్నారు.

రైతు తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఏటి పంతులుగోరూ, మీరెట్టిన ముగుర్తమే గదా! సుట్టాలందరికీ సెప్పీసినాం. ఇప్పుడు శుక్కుడు ములిగిపోనాడని మా వియ్యపోడికి నానేటి సెప్పాల?"

"నేను వచ్చి చెబుతాను నాయనా."

"మీరు సెప్తే ఆడు నవ్వుతాడండి. నన్ను జూసి నవ్వుతాడు."

అరుగు మీద కూర్చున్న రైతు తల్లి చుట్ట నోట్లోంచి తీసి, "పెల్లికొడుకు ఉన్నాడు గదరా, శుక్కుడితో మనకేటి పని?" అంది. పందిరి వేసేవాళ్ళంతా నవ్వారు. ఆమె నావైపు చూసి, "ఈ అమ్మెవరు? కాలేజీలో సదివినాదంతన్నారు, ఆయమ్మేనా? ఓ పంతులూ, ఈయమ్మ పక్కనుంటే శుక్కుడేటి, సూరీడు కూడా ములిగిపోతాడు!" అంది. శుభకార్యానికి పందిరి వేస్తున్న ఇంటికి విధవను వెంటబెట్టుకు వచ్చాడన్నది ఆ నవ్వులో ఉన్న మాట. నాకు తెలుసు. అలవాటే.

సిద్ధాంతిగారికి అలవాటు లేదు. ఆయన గొంతు మొదటిసారి లేచింది. "ఈవిడ లెక్క చూసింది కాబట్టి తప్పు దొరికింది. లేకపోతే నేను మీ పిల్లను మూఢంలో పీటల మీద కూర్చోబెట్టేవాణ్ణి. దండం పెట్టవలసిన చోట నవ్వకమ్మా."

వాళ్ళు ఒప్పుకోలేదు. వేరే పురోహితుడిని పిలిచి అనుకున్న రోజే పెళ్ళి చేశారు. ఆ సాయంకాలం సిద్ధాంతిగారు మా డాబా మీద నిలబడి పడమటివైపు చూశారు. ఆకాశం ఎర్రగా, శుభ్రంగా ఉంది. శుక్రుడు లేడు. లెక్క సరిపోయింది. నేను ఆనందించాను, దాచుకోను. ఆయన మాత్రం ఆ ఊరి దిక్కుకు తిరిగి చేయెత్తి, "ఆ పిల్లలు చల్లగా ఉండాలి. నా లెక్క గెలవడానికి వాళ్ళు చెడక్కర్లేదు," అన్నారు.

ఆయనలో నేను ఎక్కువ గౌరవించింది ఇదే. తప్పు ఒప్పుకునేవారిని నేను కొద్దిమందిని చూశాను. ఒప్పయినప్పుడు ఎదుటివాడి నష్టం కోరకుండా ఉన్నవారిని ఇంకా కొద్దిమందిని చూశాను.

మరుసటి ఉగాది పంచాంగం మొదటి పుటలో, దేవతాస్తుతి తరువాత ఆయన ఇలా వేయించారు: "గత వత్సరము శుక్రమౌఢ్యమును నేను తప్పుగా వ్రాసితిని. ఆకాశమున చూచి దిద్దుకొంటిని. పెద్దలు క్షమింతురు గాక." పెద్దలు క్షమించలేదు. దానికి కాలేజీ పంచాంగమని పేరు పెట్టారు. బలిఘట్టం తీర్థంలో ఒకాయన నలుగురిలో, "సిద్ధాంతిగారి శుక్రుడు రైలెక్కి ముందే వచ్చేస్తాడు, మన శుక్రుడు ఎడ్లబండి!" అన్నాడు. సిద్ధాంతిగారు అందరికంటె ఎక్కువగా నవ్వి, "బండి ఆలస్యంగా వచ్చినందుకు ముహూర్తం ఆగదుగా నాయనా," అన్నారు. ఆ జవాబు బాగానే ఉంది. కాని ఏటా పిలిచే ఇళ్ళు ఒక్కొక్కటే పిలవడం మానేశాయి.

అలా మూడు పంచాంగాలు కలిసి చేశాం. మా గుమ్మానికి లోపల నేను, బయట అరుగు మీద ఆయన, మధ్య గడప మీద పలక. త్రికోణమితి నాది, తిథినక్షత్రాలు ఆయనవి. లాగరిథం పట్టికలు మొదటిసారి చూసి, "గుణకారాన్ని కూడికగా మార్చేశాడా! ఈ మహానుభావుడు ఎవరింట పుట్టాడో గాని లెక్కలు చేసే వాళ్ళ వేళ్ళు బతికించాడు," అన్నారు. నేను గట్టిగా మాట్లాడే మనిషిని. ఆయన మెత్తగా మొండి మనిషి. పంచాంగంలో యురేనసును కూడా చేర్చుదామని ఒక ఏడంతా పోరాను.

"వద్దమ్మా. తొమ్మిదిమందినే భరించలేక జనం శాంతులు చేయించుకుంటున్నారు," అన్నారు.

ఒకసారి నా లెక్కలో పొరపాటు దొర్లింది. ఆయన పట్టుకున్నారు. నేను ఒప్పుకోకుండా రెండు రోజులు వాదించాను. మూడో రోజు నాకే కనబడింది. చెప్పడానికి గడప దగ్గరకు వెళితే ఆయన నన్ను మాట్లాడనివ్వకుండా, "నిన్న రాత్రే నేనూ చూసుకున్నాను, మీరు కూడినంతవరకూ సరిగ్గానే కూడారు," అని పలక తుడిచేశారు. నాకు దారి ఇవ్వడానికి అలా అన్నారని ఇంటికొచ్చి వంట చేసుకుంటుండగా అర్థమైంది.

మార్గశిరంలో జ్వరం వచ్చింది. మూడో రోజు చూడటానికి వెళ్ళాను. మనిషి తెలివిలోనే ఉన్నారు. నాలుగు నెలల గురించి ఒక్క మాట అనలేదు. పూర్తి చేయమనలేదు, చేయవద్దనలేదు. ఆ ఏటి చలి గురించి, నాకు వచ్చే మోకాళ్ళ నొప్పి గురించి అడిగారు. మరునాడు మధ్యాహ్నం పోయారు.

కర్మలు ముగిశాక ఆయన కొడుకు మా ఇంటికి వచ్చాడు. పౌరోహిత్యం చేసుకుంటున్నాడు. చెడ్డవాడు కాడు.

"పిన్నిగారూ, మిగిలిన నాలుగు నెలలూ పాత లెక్కన కట్టేసి అచ్చుకు పంపేస్తాను. నాన్నగారి ఆఖరి పంచాంగం నలుగురూ మెచ్చేటట్టు రానివ్వండి."

"కార్తీకం దాకా ఒక ఆకాశం, మార్గశిరం నుంచి ఇంకో ఆకాశమా నాయనా?"

"ఎవరు చూడొచ్చారండీ?"

"మీ నాన్నగారు చూసేవారు."

అతను తలవంచుకున్నాడు. "ఆ చూపు వల్లే కదా మా ఇంటికి పిలుపులు లేకుండా పోయాయి. ఆయనకు కీర్తి, మాకు పస్తు. మీరొక్కరే ఉంటారు, మీకు చెల్లుతుంది. నాకు పిల్లలున్నారు పిన్నిగారూ."

ఆ మాటలో అబద్ధం లేదు. అక్కయ్య దగ్గరకు వెళ్ళాను. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "నన్నడక్కు చెల్లీ. నాకు కొడుకూ కావాలి, ఆయన మాటా కావాలి. రెండిట్లో ఒకటి తీసుకోమంటే తీసుకోలేను," అంది. ఇక ఎవరినీ అడగలేదు.

పుష్యమాసమంతా తలుపు వేసుకుని కూర్చున్నాను. మార్గశిరం, పుష్యం, మాఘం, ఫాల్గుణం. ఆయన దిద్దిన గుణకాలు నా దగ్గరే ఉన్నాయి. ప్రతి తిథినీ రెండుసార్లు, రెండు దారుల్లో గణించాను. తప్పు పట్టుకోవడానికి గడపకు అవతల ఎవరూ లేరు కాబట్టి మాఘమాసం మూడుసార్లు గణించాను. ఆ నెలలో పెళ్ళిళ్ళుంటాయి.

అచ్చుకూటం యజమానికి ముందుగా ఉత్తరం రాశాను. ఆయన మర్యాదగానే జవాబిచ్చారు. మిగిలిన నెలలు పంపితే వేస్తాననీ, అయితే గణించింది నేనని ఎక్కడా ఉండకూడదనీ, విధవ చేతి పంచాంగాన్ని ఉగాదినాడు ఎవరూ చదివించుకోరనీ రాశారు. సిద్ధాంతిగారి పేరు ఒక్కటే ఉంచితే అందరికీ మంచిదన్నారు. ఆ ఉత్తరం రెండు రోజులు బల్ల మీద ఉంచుకున్నాను. యజమాని చెప్పింది లోకం సంగతి, కాదనను. కాని ఈ నాలుగు నెలల్లో ఎక్కడైనా తప్పు పడితే అది పోయిన మనిషి మెడకు చుట్టుకుంటుంది. తన తప్పును తనే అచ్చువేసుకున్న మనిషికి ఇంకొకరి తప్పు మోయించే హక్కు నాకు లేదు.

నిన్న ఉదయం శుద్ధప్రతి పూర్తి చేసి, పై పుటలో ఇలా రాశాను: "చైత్రం మొదలు కార్తీకం వరకు సిద్ధాంతిగారి గణితం. మార్గశిరం మొదలు ఫాల్గుణం వరకు నా గణితం. ఇందులోని తప్పులు నావి." కింద నా పూర్తి పేరు. ఈ అచ్చుకూటం యజమాని వేయకపోతే వేసేవారి దగ్గరకు ఆ పుట మార్చకుండా పోతుంది. సిద్ధాంతిగారి అబ్బాయికి ఒక చీటీ పంపాను: నువ్వు ఇళ్ళల్లో పాత లెక్క పంచాంగమే చదువుకో నాయనా, నా మీద కోపమని అందరితో చెప్పు, నేను తప్పుపట్టను.

టపా కచేరీలో పోస్టుమాస్టరుగారు నా కట్ట మీద అచ్చుకూటం చిరునామా చదివి, కళ్ళద్దాల పైనుంచి చూసి, "ముద్ర పడితే మళ్ళీ తిరిగి ఇవ్వడానికి లేదండి పంతులమ్మగారూ," అన్నారు.

"కొట్టండి," అన్నాను.

కచేరీ మెట్ల మీద నిలుచున్నాను. సంచులు వేసుకుని టపా బండి స్టేషను దారి పట్టింది. దారికి రెండువైపులా చెరకు తెల్లగా పూసి ఉంది. బండి మలుపు తిరిగాక కూడా, ఆ పూల పైన బండివాడి ఎర్ర తలపాగా ఒక్కటే చాలాసేపు కదులుతూ కనబడింది.